అమెరికాలో ఆరోగ్య సమాచార గోప్యత, క్లౌడ్ కంప్యూటింగ్

వైద్యుడికి చెప్పుకున్నది బయటికి పొక్కకూడదన్న నియమం వైద్యవృత్తి అంత పాతది. ఆ వివరాలు కాగితం మీద, ఒకే ఆస్పత్రి బీరువాలో ఉన్నంతకాలం వైద్యుడి నిజాయితీ, బీరువా తాళం ఆ నియమాన్ని దాదాపుగా నిలబెట్టాయి. నేటి అమెరికాలో ఒక రక్తపరీక్ష ఫలితం ల్యాబ్ నుంచి ఆస్పత్రికి, అక్కడి నుంచి బీమా కంపెనీకి, మధ్యలో క్లెయిములు సరిచూసే సంస్థకు, వీళ్లందరి డేటాను తన సర్వర్లలో ఉంచుకునే క్లౌడ్ కంపెనీకి చేరుతుంది. వీటిలో సగం పేర్లు రోగి ఎన్నడూ విని ఉండడు. ఈ ప్రయాణాన్ని అదుపులో పెట్టడానికి అమెరికా ఎన్నో పేజీల నిబంధనలు రాసుకుంది, కోట్ల డాలర్ల జరిమానాలు వేసింది. అయినా ఆ కట్టడానికి పునాదిలోనే లోపం ఉంది. అక్కడి చట్టం సమాచారాన్ని చూసి రక్షణ ఇవ్వదు, అది ఎవరి దగ్గర ఉందో చూసి ఇస్తుంది. అదే చక్కెర వ్యాధి వివరం డాక్టరు కంప్యూటర్లో ఉంటే రక్షితం, రోగి ఫోన్‌లోని యాప్‌లో ఉంటే చాలా రాష్ట్రాల్లో దాదాపు అరక్షితం. రికార్డు ఒకే చోట ఉండే రోజుల్లో ఈ తేడా పెద్దగా బాధించలేదు. క్లౌడ్ వచ్చాక రికార్డుకు స్థిరమైన చోటంటూ లేకుండా పోయింది కాబట్టి, రక్షణ కూడా రికార్డు వెంటే నడవాల్సిన అవసరం వచ్చింది. అది నడవని చోట ఏం జరుగుతుందో గత ముప్పై ఏళ్ల అనుభవం చూపిస్తోంది.

వైద్య రహస్యం బయటపడితే మనిషి ఏం కోల్పోతాడో అమెరికన్లకు 1972 నాటి థామస్ ఈగిల్టన్ ఉదంతం బాగా గుర్తు. అధ్యక్ష పదవికి పోటీ చేసిన జార్జ్ మెక్‌గవర్న్ ఆయనను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నారు. మానసిక కుంగుబాటుకు ఆస్పత్రిలో చేరి, విద్యుత్ షాక్ చికిత్స తీసుకున్న సంగతి విలేఖరుల ఆరాతో బయటికి రాగా, మూడు వారాలైనా తిరక్కుండానే ఆయన పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ నియమించిన విల్లిస్ వేర్ కమిటీ కంప్యూటర్ రికార్డుల గురించి ఒక నివేదిక ఇచ్చింది. ఉనికే రహస్యంగా ఉండే రికార్డుల వ్యవస్థ ఏదీ ఉండరాదని, ఒక పని కోసం సేకరించిన వివరాన్ని మనిషి ఒప్పుకోలు లేకుండా మరో పనికి వాడరాదని అది చెప్పింది. ఆ సూత్రాలతోనే 1974లో ప్రైవసీ చట్టం వచ్చింది కానీ, అది ఫెడరల్ ప్రభుత్వ సంస్థల రికార్డులకే పరిమితమైంది. 1977లో వేలెన్ వర్సెస్ రో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. వ్యసనం కలిగించే మందులు రాయించుకున్న వారి పేర్లను న్యూయార్క్ రాష్ట్రం కంప్యూటర్లలో భద్రపరచడం సబబేనా అన్నది ప్రశ్న. రాష్ట్రం తగిన జాగ్రత్తలు తీసుకుంటోందంటూ న్యాయమూర్తులు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించారు. పెద్దఎత్తున వ్యక్తిగత సమాచారం కంప్యూటర్లలో పోగుపడడంలోని ముప్పును తాము గుర్తించకపోలేదని కూడా తీర్పులో రాశారు. ప్రైవేటు ఆస్పత్రి, ప్రైవేటు బీమా కంపెనీ మాత్రం అప్పటికీ ఏ సాధారణ ఫెడరల్ గోప్యతా చట్టం కిందికీ రాలేదు.

ఆ ఖాళీని పూరించిందని అందరూ చెప్పుకునే హిపా చట్టం, నిజానికి గోప్యత కోసం పుట్టలేదు. 1996 ఆగస్టు 21న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన ఆ చట్టం ఉద్దేశం ఉద్యోగం మారినా ఆరోగ్య బీమా చెయ్యి జారకుండా చూడడం, బీమా లావాదేవీలను ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చి ఖర్చు తగ్గించడం. గోప్యత గురించి మూడేళ్లలో విడిగా చట్టం చేస్తామని కాంగ్రెస్ తనకు తానే గడువు పెట్టుకుంది, చేయలేకపోతే ఆరోగ్య శాఖ నిబంధనలు రాయాలంది. 1999 ఆగస్టులో గడువు ముగిసింది, చట్టం రాలేదు. నిబంధనలు రాసే పని శాఖ మీద పడింది. మూల చట్టంలో పేర్కొన్న వారిని మించి మరెవరినీ కట్టడి చేసే అధికారం శాఖకు లేదు. ఆ వారెవరంటే బీమా పథకాలు, క్లెయిముల క్లియరింగ్‌హౌస్‌లు, ఎలక్ట్రానిక్ బిల్లులు పంపే వైద్యులు, ఆస్పత్రులు. బిల్లుల చెల్లింపు కోసం గీసిన గీతే గోప్యతకూ సరిహద్దైంది. ఈ యాదృచ్ఛికం తరువాతి చరిత్రనంతటినీ శాసించింది.

గోప్యతా నియమాలు 2003 ఏప్రిల్‌లోను, కంప్యూటర్ భద్రతా నియమాలు 2005 ఏప్రిల్‌లోను అమలులోకి వచ్చాయి. చికిత్స, చెల్లింపు, సంస్థ నిర్వహణ అనే మూడు పనులకు రోగి అనుమతి అడగనక్కర్లేదు. ఈ పనుల్లో సాయపడే బయటి సంస్థలను బిజినెస్ అసోసియేట్లు అంటారు, వారితో ఆస్పత్రి కాంట్రాక్టు రాసుకోవాలి. మొదట్లో ఈ బయటి సంస్థల మీద ప్రభుత్వానికి నేరుగా పట్టు లేదు. 2009 నాటి హైటెక్ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు మారే ఆస్పత్రులకు వేల కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ఇస్తూనే, ఆ పట్టూ ఇచ్చింది. 2013 నాటి నియమాలు దాన్ని ఖాయం చేశాయి. 500 మంది లేదా అంతకు మించి రికార్డులు పోతే 60 రోజుల్లోపు ప్రభుత్వానికి చెప్పాలన్న షరతు కూడా 2009 నాటి ఆ చట్టంతో వచ్చిందే. ఇక క్లౌడ్ సంగతి 2016 అక్టోబరులో తేలింది. డేటా చదవడానికి తాళంచెవి తన దగ్గర లేకపోయినా, ఎన్‌క్రిప్ట్ చేసిన రికార్డును కేవలం దాచిపెట్టే కంపెనీ కూడా బిజినెస్ అసోసియేటే అవుతుందని ఆరోగ్య శాఖలోని పౌర హక్కుల కార్యాలయం ప్రకటించింది. అంతకు కొద్ది నెలల ముందే ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ, మూడు వేల మందికి పైగా రోగుల వివరాలను కాంట్రాక్టు లేకుండా క్లౌడ్ సర్వర్లో పెట్టినందుకు, మరికొన్ని లోపాలకు కలిపి 27 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. ఇదంతా మంచి పనే. అయితే కాంట్రాక్టు గొలుసు ఎంత పొడవైనా, అది మొదలయ్యేది ఆస్పత్రి లేదా బీమా కంపెనీ దగ్గరే. అక్కడ మొదలు కాని డేటాకు గొలుసూ లేదు, రక్షణా లేదు.

క్లౌడ్ మీద నేరం మోపడం తేలిక, కానీ న్యాయం కాదు. ఊళ్లోని చిన్న ఆస్పత్రి మెట్ల కింది గదిలో నడుపుకునే సర్వర్ కంటే అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ డేటా కేంద్రాలు మెరుగైన కాపలాలో ఉంటాయని క్లౌడ్ పక్షం వారు అంటారు, ఆ మాట చాలావరకు నిజం. 2015లో బయటపడిన ఆంథెమ్ బీమా సంస్థ చోరీలో 7 కోట్ల 88 లక్షల మంది వివరాలు పోయాయి. దొంగలు దూరింది ఒక ఉద్యోగి తెరిచిన నకిలీ ఈమెయిల్ ద్వారా, కొల్లగొట్టింది ఎన్‌క్రిప్షన్ లేని కంపెనీ సొంత డేటా గిడ్డంగిని. అందుకు 2018లో ఆ సంస్థ కోటీ 60 లక్షల డాలర్లు కట్టింది. క్లౌడ్ కంపెనీలు బాధ్యతను పంచుకుంటామంటాయి. భవనం, యంత్రాలు, వాటిని నడిపే అడుగు సాఫ్ట్‌వేర్ తమ పూచీ, ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలి, ఏది ఎన్‌క్రిప్ట్ చేయాలి అన్నది ఖాతాదారు పూచీ. క్లౌడ్‌లోంచి బయటికి వచ్చిన రికార్డుల్లో ఎక్కువ భాగం ఈ రెండో సగంలోని నిర్లక్ష్యం వల్ల వచ్చినవే. అంటే సమస్య సర్వర్ ఎక్కడుందన్నది కాదు, డేటాకు దాని సొంత తాళం ఉందా, ఆ చెవి ఎవరి చేతిలో ఉంది అన్నది. సరిగ్గా ఈ విషయంలోనే 2003లో వెలువడి 2005లో అమలైన భద్రతా నియమాలు మెత్తబడ్డాయి. ఎన్‌క్రిప్షన్ అందులో తప్పనిసరి కాదు. సంస్థ పరిశీలించి, తనకు సహేతుకం కాదనుకుంటే ఆ సంగతి రాసిపెట్టి, వేరే మార్గం చూసుకోవచ్చు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో 2012, 2013 సంవత్సరాల్లో ఎన్‌క్రిప్షన్ లేని ఒక ల్యాప్‌టాప్, రెండు యూఎస్‌బీ డ్రైవులు పోయాయి. వాటిలో 33,500 మందికి పైగా రోగుల వివరాలున్నాయి. ప్రభుత్వం 43 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేస్తే, 2021 జనవరిలో ఐదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. నియమం కోరేది ఎన్‌క్రిప్షన్‌కు ఒక ఏర్పాటు ఉండాలనే, ఆ ఏర్పాటు సంస్థకు ఉంది, ప్రతి పరికరంలోను అది అమలు కాలేదన్నంత మాత్రాన ఉల్లంఘన కాదన్నది ఆ తీర్పు సారం. చట్టం చదవడంలో కోర్టుది తప్పని చెప్పలేం. సంస్థకు విధానం ఉందా అని మాత్రమే అడిగి, రికార్డుకు తాళం పడిందా అని అడగని నియమం అది.

ఆ ప్రశ్న అడగకపోవడం ఎంత ఖరీదైనదో 2024 ఫిబ్రవరిలో దేశమంతటికీ తెలిసింది. చేంజ్ హెల్త్‌కేర్ అనే సంస్థ పేరు అంతకుముందు రోగులకు తెలియదు, కానీ అమెరికాలో ప్రతి ముగ్గురు రోగుల్లో ఒకరి రికార్డు ఏదో ఒక రూపంలో దాని మీదుగా పోయేది. ఏటా 1,500 కోట్ల లావాదేవీలు నడిపే ఈ క్లియరింగ్‌హౌస్‌ను బీమా సంస్థ యునైటెడ్‌హెల్త్ గ్రూపు కొనబోతే, పోటీ బీమా కంపెనీల డేటా దాని గుప్పిట్లోకి పోతుందని న్యాయ శాఖ 2022లో కోర్టుకెక్కి ఓడిపోయింది. ఆ అక్టోబరులో కొనుగోలు పూర్తయింది. 2024 ఫిబ్రవరి 12న దొంగిలించిన లాగిన్‌తో దుండగులు ఒక రిమోట్ ప్రవేశ ద్వారం గుండా లోపలికి వెళ్లారు. పాస్‌వర్డ్‌తో పాటు మరో ధ్రువీకరణ అడిగే ఏర్పాటు ఆ ద్వారానికి లేదని యునైటెడ్‌హెల్త్ అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ మే 1న కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు. బ్యాంకు యాప్ వాడే సామాన్యుడు రోజూ కొట్టే ఓటీపీ లాంటి కనీస జాగ్రత్త అది. తొమ్మిది రోజుల తరువాత, 21వ తేదీన వ్యవస్థ స్తంభించింది. మందుల దుకాణాల్లో బీమా పనిచేయలేదు. ఆస్పత్రులకు చెల్లింపులు ఆగిపోయాయి. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ సర్వేలో 94 శాతం ఆస్పత్రులు ఆర్థికంగా దెబ్బతిన్నామన్నాయి. కంపెనీ దుండగులకు 2 కోట్ల 20 లక్షల డాలర్ల విమోచన సొమ్ము బిట్‌కాయిన్‌లో చెల్లించినా డేటా భద్రంగా వెనక్కి రాలేదు. చివరకు తేలిన బాధితుల సంఖ్య 19 కోట్ల 27 లక్షలు, దేశ జనాభాలో సగానికి పైన. ఇందులో చేంజ్ సంస్థ హిపా పరిధిలోని సంస్థే, కాగితాల మీద నియమాలన్నీ దానికి వర్తిస్తాయి. చట్టం ఒక్కో సంస్థను విడివిడిగా చూస్తుంది కాబట్టి, కోట్ల రికార్డులు ఒకే చోట కుప్పపడడం దానికి ప్రమాదంగా కనిపించలేదు. 2024 డిసెంబరు చివర ఆరోగ్య శాఖ ఎన్‌క్రిప్షన్‌ను, రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరి చేసే ముసాయిదా ప్రకటించింది. ఖర్చు భరించలేమని ఆస్పత్రుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. చిన్న గ్రామీణ ఆస్పత్రి విషయంలో ఆ మాటలో బరువుంది, దానికి ప్రభుత్వం డబ్బు సాయం చేయాలి. వేల కోట్ల ఆదాయమున్న సంస్థల నోట మాత్రం ఆ మాట చెల్లదు.

పేర్లు తీసేసి పంచుకుంటే గోప్యతకు భంగం ఉండదన్నది మరో పాత నమ్మకం. మసాచుసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల బీమా చూసే గ్రూప్ ఇన్సూరెన్స్ కమిషన్ 1990లలో పేర్లు తీసేసిన ఆస్పత్రి రికార్డులను పరిశోధకులకు ఇచ్చింది. అప్పుడు ఎంఐటీలో విద్యార్థినిగా ఉన్న లటాన్యా స్వీనీ 20 డాలర్లకు కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్ విలియం వెల్డ్ 1996 మేలో ఒక స్నాతకోత్సవంలో స్పృహ తప్పి పడిపోయిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఆయన పుట్టినరోజే ఉన్నవాళ్లు ఆ జాబితాలో ఆరుగురు, వారిలో మగవాళ్లు ముగ్గురు, ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఆయన ఒక్కరే. గవర్నర్ వైద్య రికార్డు ఆమె చేతికొచ్చింది. పుట్టిన తేదీ, లింగం, ఐదంకెల జిప్ కోడ్ కలిస్తే అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని ఆమె అంచనా కట్టారు. 2006లో ఫిలిప్ గోల్ మళ్లీ లెక్కవేస్తే 63 శాతమే వచ్చింది. గవర్నర్ ప్రముఖుడు కాబట్టి దొరికాడని, ఓటర్ల జాబితాలో లేనివారు చాలామంది ఉంటారు కాబట్టి ఆ గుర్తింపు నిశ్చయం కాదని డేనియల్ బార్త్-జోన్స్ వాదించారు. హిపా నియమాలు వచ్చాక 18 రకాల వివరాలు తీసేయాలి, జిప్ కోడ్‌లో మొదటి మూడంకెలే ఉంచాలి, కాబట్టి నాటి దాడి నేడు పనిచేయదన్నది ఈ పక్షం వాదన. హిపాకు లోబడిన డేటా వరకు ఇది గట్టి వాదనే. లోబడనిదాని మాటేమిటి? స్వీనీ 2013లో వాషింగ్టన్ రాష్ట్రం 50 డాలర్లకు అమ్మే ఆస్పత్రి డిశ్చార్జి జాబితా కొని, ప్రమాదాల గురించిన పత్రికా వార్తలతో పోల్చి చూశారు. 81 వార్తల్లో 35 ఆ జాబితాలోని ఒక్కొక్క మనిషికే సరిపోయాయి. అలాంటి జాబితాలు అమ్మే రాష్ట్ర సంస్థలు హిపా పరిధిలోకి రావు. అదే రోగి, అదే ఆస్పత్రి, అదే చికిత్స. రికార్డు మరో కార్యాలయానికి చేరేసరికి 18 వివరాల నియమం జారిపోయింది.

గణిత శాస్త్రం ఈలోగా చట్టం కంటే ముందుకు పోయింది. ప్రతి మనిషీ కనీసం ఒక గుంపులో కలిసిపోయేలా డేటాను మొరటుగా మార్చే కె-అనానిమిటీ పద్ధతిని స్వీనీ, పియరాంజెలా సమరాటి రూపొందించారు. గుంపులో అందరికీ ఒకే జబ్బు ఉంటే మనిషి తెలియకపోయినా జబ్బు తెలిసిపోతుందని అశ్విన్ మచనవఝ్ఝల, ఆయన సహచరులు 2006లో చూపించి, ఎల్-డైవర్సిటీ అనే సవరణ చెప్పారు. అదే ఏడాది సింథియా డ్వర్క్, మరో ముగ్గురు డిఫరెన్షియల్ ప్రైవసీని ప్రతిపాదించారు. ఒక మనిషి డేటా ఉన్నా లేకపోయినా లెక్కల ఫలితం దాదాపు ఒకేలా ఉండేటట్టు, కొలిచి కలిపే చిన్నపాటి తేడాతో జవాబివ్వడం దాని పద్ధతి. దీన్ని 2020 జనాభా లెక్కల్లో అమెరికా ప్రభుత్వమే వాడింది. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది, ఆ హామీ లెక్కలోనే ఇమిడి ఉండడం. జవాబు ఎవరి చేతికి పోయినా, వారి దగ్గర ఇంకే జాబితాలు ఉన్నా, హామీ చెడదు. చిన్న ఊళ్ల, అరుదైన జబ్బుల లెక్కలు దీనివల్ల మసకబారతాయన్న ఫిర్యాదు నిజమే. అలాంటి పరిశోధనకు రికార్డును బయటికి ఇవ్వకుండా, పరిశోధకుడినే కాపలా ఉన్న కంప్యూటర్ దగ్గరికి రప్పించడం మేలు.

హిపా గీసిన గీత అవతల జరిగేది ఇంకా బాధ కలిగిస్తుంది. 2022 జూన్‌లో ద మార్కప్ పత్రిక పరిశీలించిన వంద ప్రముఖ ఆస్పత్రుల్లో 33 చోట్ల, అపాయింట్‌మెంట్ బటన్ నొక్కగానే ఆ సంగతి ఫేస్‌బుక్‌కు చేరవేసే ట్రాకర్ బయటపడింది. ఆరోగ్య శాఖ దాన్ని అడ్డుకోవడానికి మార్గదర్శకాలిస్తే, శాఖ తన అధికారం దాటిందంటూ 2024 జూన్‌లో టెక్సస్ ఫెడరల్ కోర్టు వాటిలో ముఖ్యభాగాన్ని రద్దు చేసింది. మందుల ధరల్లో రాయితీలిచ్చే గుడ్‌ఆర్ఎక్స్ తన వాడకందారుల మందుల వివరాలను ప్రకటనల కంపెనీలకు అందించినందుకు 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 15 లక్షల డాలర్లు కట్టింది. ఆ చర్యకు ఆధారం హిపా కాదు, వినియోగదారుల రక్షణ చట్టాలు. లాలాజలం నమూనాతో వంశవృక్షం చెప్పే 23అండ్‌మీ సంగతి అందరికీ తెలిసిందే. 2023లో దొంగలు పాత పాస్‌వర్డ్‌లతో 14 వేల ఖాతాల్లోకి చొరబడి, బంధుత్వాల గొలుసు పట్టుకుని 69 లక్షల మంది వివరాలు తోడేశారు. 2025 మార్చిలో కంపెనీ దివాలా తీసింది, కోటిన్నర మంది ఖాతాదారుల డేటా అప్పులవాళ్ల ముందు ఆస్తిగా నిలిచింది. రెండు డజన్లకు పైగా రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. చివరకు వ్యవస్థాపకురాలు ఆన్ వొజిస్కీ నెలకొల్పిన లాభాపేక్ష లేని సంస్థే 30.5 కోట్ల డాలర్లకు కొనడంతో కొంత ఊరట కలిగింది. ఖాతాదారులు ఇష్టపడే ఇచ్చారు కదా అని ఇక్కడ అడిగేవారున్నారు. లాలాజలం ఇచ్చింది ఒకరు, బయటపడింది వారి అన్నదమ్ముల, పిల్లల జన్యువులు కూడా. పైగా 2016 నాటి క్యూర్స్ చట్టం రోగి తన ఆస్పత్రి రికార్డును నచ్చిన యాప్‌లోకి తెచ్చుకునే హక్కు ఇచ్చింది. మంచి హక్కే, కానీ యాప్‌లో పడిన మరుక్షణం హిపా రక్షణ ఊడిపోతుంది. ఎవరి దగ్గరున్నా ఆరోగ్య సమాచారమే అని చెప్పే చట్టాన్ని వాషింగ్టన్ రాష్ట్రం 2023లో చేసింది, అందులో పౌరుడు నేరుగా దావా వేయవచ్చు. హిపాలో ఆ వీలు లేదు.

రక్షణ రికార్డు వెంట నడవాలంటే వైద్యం కుంటుపడుతుందన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. దీనికి అమెరికాలోనే పాత ఉదాహరణ ఉంది. మాదకద్రవ్యాల వ్యసనానికి చికిత్స పొందేవారి రికార్డులకు 1970ల నుంచే పార్ట్ 2 అనే విడి నియమాలున్నాయి. రికార్డు ఎవరికి పంపినా, మళ్లీ మరొకరికి ఇవ్వరాదన్న నోటీసు దాంతోనే పోవాలి. రోగి మీద కేసు పెట్టడానికి దాన్ని వాడరాదు. చికిత్సకు వస్తే జైలుకు పోతామన్న భయం పోగొట్టడానికే ఈ కట్టుదిట్టం. ఇది ఇబ్బందీ పెట్టింది. వ్యసనం నుంచి కోలుకుంటున్న మనిషికి అత్యవసర విభాగంలోని డాక్టరు ఆ సంగతి తెలియక అదే జాతి నొప్పి మందు రాసే ప్రమాదం ఉందని వైద్యులు ఏళ్ల తరబడి చెప్పారు. 2020లో కాంగ్రెస్, 2024లో ఆరోగ్య శాఖ నియమాలను సవరించి, ఒకసారి ఇచ్చిన అనుమతితో చికిత్స చేసేవారి మధ్య రికార్డు తిరిగేలా చేశాయి. రోగికి వ్యతిరేకంగా కోర్టుల్లో వాడరాదన్న నిషేధాన్ని మాత్రం వదల్లేదు. ఇదే సరైన దారి. వైద్యుల మధ్య దారి తెరవాలి, రోగికి కీడు చేసే వాడకాన్ని ఎక్కడైనా మూయాలి. 2019లో అసెన్షన్ ఆస్పత్రుల గొలుసు కోట్ల మంది రోగుల పేర్లతో సహా రికార్డులను గూగుల్ క్లౌడ్‌కు అందించిందని వాల్‌స్ట్రీట్ జర్నల్ బయటపెట్టినప్పుడు, అది హిపాకు లోబడినదేనని రెండు సంస్థలూ చెప్పాయి. రోగులకు, చాలామంది వైద్యులకు ఆ సంగతి తెలియనే తెలియదు. వేర్ కమిటీ 1973లో చెప్పిన రెండు సూత్రాలతో ఆ ఏర్పాటును తూచి చూడాలి.

ఈ గొలుసు చివరి కొన తెలుగు నేలకూ చేరుతుంది. అమెరికా డాక్టర్లు నోటితో చెప్పిన నోట్సు టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని 1990ల నుంచే హైదరాబాదుకు వచ్చింది. ఆ తరువాత మెడికల్ కోడింగ్, క్లెయిముల పని వచ్చాయి. యునైటెడ్‌హెల్త్ వారి ఆప్టమ్‌కు ఇక్కడ పెద్ద కార్యాలయమే ఉంది. రికార్డు విదేశాలకు పోరాదని హిపా ఎక్కడా అనదు. కాంట్రాక్టు ఉంటే చాలు. ఆ కాంట్రాక్టు ఎంత పల్చబడగలదో 2003 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి తెలిసింది. అది కాలిఫోర్నియా కంపెనీకి ఇచ్చిన పని చేతులు మారి మారి కరాచీకి చేరింది. తనకు రావలసిన డబ్బు ఇప్పించకపోతే రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని అక్కడి టైపిస్టు ఈమెయిల్ పంపేదాకా వైద్యకేంద్రానికి ఆ గొలుసు సంగతే తెలియదు. భారతదేశం 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. అయితే విదేశీ సంస్థతో కాంట్రాక్టు మీద, విదేశాల్లోని మనుషుల డేటాతో ఇక్కడ చేసే పనికి 17వ సెక్షన్ చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. హైదరాబాదులోని స్క్రీన్ మీద కనిపించే అమెరికా రోగికి తన వివరం చూపమని, సరిదిద్దమని, తీసేయమని ఈ చట్టం కింద అడిగే హక్కు లేదు. మిగిలిన ముఖ్యమైన బాధ్యత ఒకటి, డేటాకు తగిన భద్రత కల్పించడం. అందులో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అది భారత ప్రభుత్వ సంచిత నిధికి జమ అవుతుంది. రికార్డు పోగొట్టుకున్న రోగికి పరిహారం ఇప్పించే నిబంధన ఆ చట్టంలో లేదు.